అడవి మీద పరిశోధనలో మనం కూలీలమేనా?



పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక సంస్థ వాళ్లు అడవి సర్వే అని మా ఏజెన్సీ ఊళ్లకు వచ్చారు. హాస్టల్ పిల్లలం మేము రోజు కూలికి వాళ్ల వెంట తిరిగాం. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, బంక ఎప్పుడు తీయాలి, గడ్డ ఎంత తవ్వి ఎంత వదలాలి, అన్నీ మన పెద్దలే చెప్పారు. మేము తెలుగులో చెప్పాం. రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. చెప్పిన తాతల పేర్లు లేవు, ఊరికి ఒక్క కాపీ రాలేదు. దీని పేరు 'భాగస్వామ్య పరిశోధన' అంట!

తప్పు మాది కూడా. కూలి తీసుకున్నాం, ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాం.

ఈ మాట మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు పెట్టారు. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో సామాజిక అటవీ యాజమాన్యం అన్నారు. పేరు సమాజానిది, పెత్తనం అటవీ శాఖది. చాలాచోట్ల మన పోడు భూముల్లోనే మొక్కలు నాటారు.

2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్తోంది? సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం సామాజిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మనది. 3(1)(కె) ప్రకారం అడవి గురించి మనకున్న సంప్రదాయ జ్ఞానం మీద మేధో హక్కు కూడా మనదే. ఇది ఎవరి దయా కాదు.

మరి డబ్బు? 2016 కంపా చట్టం ప్రకారం, అడవిని వేరే పనులకు ఇచ్చినందుకు వసూలైన సొమ్ములో 90 శాతం రాష్ట్రాలకు పోవాలి. 2019లో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా ఇచ్చింది. అడవి పోగొట్టుకున్నది మనం, ఖర్చు పెట్టేది అటవీ శాఖ. అందులో గ్రామసభ చేతికి వచ్చిందెంత?

"గ్రామసభకు సైన్సు ఏం తెలుసు" అంటారు. తపసి బంక సంగతి చూడండి. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చచ్చేది. బంక తీసే మనోళ్లతో కలిసి పనిచేసి, చిన్న గాటు పెట్టే పద్ధతి నేర్పాక చెట్టూ నిలిచింది, శుభ్రమైన బంకకు మంచి రేటూ వచ్చింది. కేరళలో కాణి ఆదివాసులు చూపించిన మొక్కతో 'జీవని' మందు చేసి, లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్ల ట్రస్టుకు ఇచ్చారు. అక్కడా అందరినీ ముందే అడగలేదనే విమర్శ ఉంది. కానీ వాటా ఇవ్వడం కుదరదు అనే మాట మాత్రం అబద్ధమని తేలింది.

కాబట్టి మనం పట్టుబట్టాల్సింది మూడే. గ్రామసభ తీర్మానం లేకుండా సర్వే వద్దు. నిధుల్లో గ్రామసభకు వాటా, లెక్క రెండూ కావాలి. రిపోర్టు మన భాషలో ఊరికి రావాలి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లతో రావాలి.

లెక్కలు ఎవరు రాస్తారు అంటారా? మేము రాస్తాం. మా ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మేమే. ఈ చదువు మన ఊరికి పనికిరాకపోతే ఎందుకు?

ఈసారి ఊరికి జీపు వస్తే, ముందు తీర్మానం కాగితం అడగండి. తర్వాతే అడవిలోకి దారి చూపించండి.

జల్, జంగల్, జమీన్!