బతికిన చేపను పరీక్షించాలి

చెరువులో చేపలు తెల్లగా తేలితే తప్ప కాలుష్యం జరిగినట్టు లెక్కలోకి తీసుకోని అలవాటు ప్రభుత్వ యంత్రాంగంలో పాతుకుపోయింది. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో టన్నుల కొద్దీ చేపలు చనిపోయినప్పుడు పరిశ్రమల వ్యర్థాల మీద, మత్స్యకారుల పరిహారం మీద పెద్ద చర్చే జరిగింది. అయితే ఒక్క రాత్రిలో చెరువులోని చేపలన్నీ చావడం సాధారణంగా నీటిలో ప్రాణవాయువు పడిపోవడం వల్లనో, ఘాటైన రసాయనం ఒక్కసారిగా కలవడం వల్లనో జరుగుతుంది. సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం వంటి భారలోహాలు, అంటే సాంద్రత ఎక్కువగా ఉండి కొద్ది మోతాదులోనే జీవులకు హాని చేసే లోహాలు, చేపను చాలాసార్లు వెంటనే చంపవు. దాని ఒంట్లో చేరి, దానితోపాటే బజారుకు వెళతాయి.

ఈ లోహాలు మురుగులోని సేంద్రియ పదార్థంలా కుళ్లి విడిపోయేవి కావు. నీటిలో కలిసిన కొంతకాలానికి మట్టి రేణువులను పట్టుకుని అడుగు బురదలో నిలిచిపోతాయి కాబట్టి పైనీటిని సీసాలో పట్టి పరీక్షిస్తే ఫలితం నిక్షేపంగా కనిపించవచ్చు. నీటి ఆమ్లత పెరిగినా, అడుగున ప్రాణవాయువు తగ్గినా బురదలోని లోహంలో కొంత మళ్లీ నీటిలోకి వస్తుంది. చేప మొప్పల పలుచని పొర గుండా, తిండి ద్వారా ఒంట్లోకి చేరిన లోహం మొప్పలను దెబ్బతీసి ఊపిరికి అడ్డుపడుతుంది, కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ పేరుకుంటుంది, గుడ్ల నాణ్యతను, పిల్లల ఎదుగుదలను తగ్గిస్తుంది. అడుగున మేసే మృగాల, బంగారుతీగ వంటి చేపలకు ఈ ముప్పు మరింత దగ్గర. పాదరసం సంగతి ఇంకా వేరు: బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మార్చాక, చిన్న చేపను పెద్ద చేప తిన్న ప్రతిసారీ దాని మోతాదు పెరుగుతూ పోతుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి మూలం చేపల్లో ఇలా పేరుకున్న మిథైల్ పాదరసమే. అక్కడి జనం ఎక్కువగా తిన్నవి చచ్చి తేలిన చేపలు కావు, రోజూ వలకు చిక్కినవే.

శంషాబాద్ విమానాశ్రయానికి చేరువలో, మహేశ్వరం మండలంలోని మంఖాల్ పారిశ్రామికవాడ పరిసరాల్లోని చెరువులు, కుంటల మీద ముందే తీర్పు చెప్పనక్కరలేదు. కానీ అదే వైపు హైదరాబాద్ నగరానికి దగ్గరగా ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ నేలల్లో క్రోమియం, నికెల్, సీసం, రాగి, జింక్ సహజస్థాయిని మించి ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. ఆ పాఠం చేతిలో ఉండగా, మరో పారిశ్రామికవాడ దిగువ చెరువులను పరీక్షించకుండా వదిలేయడాన్ని అజ్ఞానం అనలేం, అది నిర్లక్ష్యమే. నగరానికి తాగునీరిచ్చే జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) తెచ్చి, 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధించిన చోటే చిన్న చెరువుకు ఆ పాటి రక్షణ దక్కలేదు. ఆక్రమణలను అడ్డుకునేందుకు 2024లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల హద్దులను కాపాడుతోంది. హద్దుల్లోపల ఉన్న బురద ఎవరి బాధ్యతో మాత్రం తేలలేదు.

ఈ నిర్లక్ష్యం పొలాలకూ పాకుతుంది. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు సత్తువ కోసం పొలాలకు తోలుకున్నారు. పారిశ్రామికవాడ దిగువ చెరువుల్లో ఆ పని పరీక్ష లేకుండా చేస్తే నీటి అడుగున ఉన్న లోహం పంటనేలకు చేరినట్టే. ఇక మత్స్యశాఖ 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. ఎన్ని పిల్లలు వదిలారన్న లెక్క ఉన్నచోట, పెరిగిన చేపలో ఎంత సీసం ఉందన్న లెక్క కూడా ఉండాలి. చేపమాంసంలో కిలోకు 0.3 మిల్లీగ్రాములకు మించి సీసం ఉండరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ చెబుతోంది గనుక కొలిచేందుకు గీత కొత్తగా గీయనక్కరలేదు.

కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి, మత్స్యశాఖ కలిసి మంఖాల్ సహా పారిశ్రామికవాడల దిగువన ఉన్న ప్రతి చెరువులో అడుగు బురదను, చేపల మొప్పలను, కాలేయాన్ని, మాంసాన్ని ఏటా పరీక్షించి, ఫలితాలను పంచాయతీ, మున్సిపల్ కార్యాలయాల్లో తెలుగులో అతికించాలి. పరిమితి దాటిన చెరువులో చేపలు పట్టడం ఆపి, మత్స్య సహకార సంఘ సభ్యులకు జీవనభృతి ఇవ్వాలి. ఆ ఖర్చును వ్యర్థాలు వదిలిన పరిశ్రమల నుంచే రాబట్టాలి. పరీక్ష జరగని చెరువులో ఈ వానాకాలం ఒక్క చేపపిల్లను కూడా వదలరాదు.