కారవాన్ పర్యాటకం: మూడో పిన్నుపైనే భద్రత

కేరళలోని వడకర వద్ద 2024 డిసెంబరులో రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని కోజికోడ్ ఎన్‌ఐటీ నిపుణుల పరిశీలనలో తేలింది. కారవాన్ పర్యాటకానికి 2021లోనే ప్రత్యేక విధానం ప్రకటించిన రాష్ట్రమది.

బస చేసే పార్కులో విద్యుత్తు దొరికితే రాత్రంతా జనరేటర్ నడపాల్సిన అగత్యం తప్పుతుంది. అయితే 230 వోల్టుల సరఫరాను వాహనంలోకి తేవడం ఇంటి వైరింగ్ వంటిది కాదు. కుదుపులకు ఒంటితీగ కేబుల్ విరిగిపోవచ్చు గనుక సన్నని పోగుల తీగే వాడాలి. రబ్బరు టైర్లపై నిలిచే వాహనానికి నేలతో సంబంధం ఉండదు. ఫేజ్ తీగ బాడీకి తగిలితే, కింద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గుండానే విద్యుత్తు భూమిలోకి ప్రవహిస్తుంది. అందుకే బాడీని ఎర్త్ తీగకు కలపాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను నిలిపివేసే ఆర్‌సీసీబీ అమర్చాలి.

ఇంతా చేశాక పార్కు సాకెట్టులోనే ఎర్త్ లేకపోతే? మూడో రంధ్రం అలంకారప్రాయంగా మిగిలిన సాకెట్లు మన దేశంలో అరుదు కాదు. అప్పుడు ఆర్‌సీసీబీ సైతం మనిషికి షాక్ తగిలిన తర్వాతే స్పందిస్తుంది. వాహనం రవాణా శాఖ పరిధిలోనిది, పార్కు పర్యాటక శాఖ చూసుకునేది. ఆ రెండూ కలిసే చోటు ఈ సాకెట్టే. పార్కులకు అనుమతి ఇచ్చే ముందే దాని ఎర్తింగ్‌ను కొలిచి నమోదు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు.