ఇంటికి తగ్గ ఇన్వర్టర్

'మూడు గదుల ఇల్లండీ, ఎంత ఇన్వర్టర్ పెట్టుకోవాలి?' సోలార్ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళినవాళ్ళు చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. కొట్టాయన కూడా వెంటనే ఓ అంకె చెప్పేస్తాడు. నిజానికి ఇన్వర్టర్‌కి గదుల లెక్కతో పనిలేదు. ఒకే సమయంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, వాటిలో మోటారు ఉన్నవి ఎన్ని? దాని సైజుని తేల్చేవి ముఖ్యంగా ఈ రెండే. ఆ లెక్క కొట్టులో కాదు, ఇంట్లోనే వేసుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి ఈ లెక్కతో అవసరం ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. అలాంటి రోజుల్లో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకున్న ఇంటికి, పసిబిడ్డ ఉన్న ఇంటికి సొంత కరెంటు విలాసం కాదు.

మేడ మీద ప్యానెళ్ళున్నా చీకటేనా?

'మాకు మేడ మీద సోలార్ ఉందిగా' అంటారా? అది ఏ రకమో చూసుకోండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఎక్కువమంది పెట్టించుకున్నవి బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తో కలిపినవి. వాటివల్ల బిల్లు తగ్గుతుంది. కానీ లైను కరెంటు పోతే, ఎంత ఎండ కాస్తున్నా అవీ ఆగిపోతాయి. తెగిన తీగలు బాగుచేసే లైన్‌మన్‌కి మన ప్యానెళ్ళ కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటది. తుపాను రోజుల్లో దీపం వెలగాలంటే బ్యాటరీతో పనిచేసే ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్ గానీ, రెండు పనులూ చేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ గానీ ఉండాలి. సైజు లెక్క రెంటికీ ఒకటే.

కాగితం, పెన్సిల్ తీసుకోండి

కరెంటు లేని రాత్రి తప్పనిసరిగా కావాల్సినవే రాయండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు - 36 వాట్లు. మామూలు ఫ్యాన్లు రెండు - 150. టీవీ - 60. ఫోన్ల చార్జింగు, వైఫై పెట్టె - 25. చిన్న ఫ్రిజ్ - 120. మొత్తం 391 వాట్లు. ఇన్వర్టర్ ఎప్పుడూ నిండా బరువు మోయకూడదు కాబట్టి ఓ పాతిక శాతం కలుపుకుంటే సుమారు 490.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఇన్వర్టర్ మీద రాసేది వాట్లు కాదు, వీఏ. ఇళ్ళల్లో వాడే ఇన్వర్టర్లలో చాలావాటికి 1000 వీఏ అంటే 800 వాట్లే. కాబట్టి మన 490ని 0.8తో భాగించాలి. సుమారు 610 వీఏ వస్తుంది. కొన్ని కంపెనీలవి ఇంకా తక్కువ వాట్లే ఇస్తాయి. అందుకే కొనేటప్పుడు 'ఇది ఎన్ని వాట్లు మోస్తుంది?' అని విడిగా అడగండి.

అసలు చిక్కు మోటారుతోనే

బల్బు వేసిన క్షణం ఎంత తీసుకుంటుందో, గంట తర్వాతా దాదాపు అంతే తీసుకుంటుంది. మోటారు సంగతి వేరు. ఆగి ఉన్న బండిని కదిలించడానికి ఎక్కువ బలం కావాలి కదా, ఇదీ అంతే. ఫ్రిజ్‌లో కంప్రెసర్ తిరిగేటప్పుడు 120 వాట్లు చాలు, మొదలయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగొచ్చు. మంచి సైన్‌వేవ్ ఇన్వర్టర్లు ఒకటి రెండు సెకన్లపాటు తమ శక్తికి దాదాపు రెట్టింపు బరువు ఓర్చుకుంటాయి. కాబట్టి పై ఇంటికి 1 కేవీఏ సరిపోతుంది. చవగ్గా వస్తోందని స్క్వేర్‌వేవ్ రకం తీసుకుంటే ఫ్యాన్లు గుయ్యిమంటాయి, ఫ్రిజ్ వేడెక్కుతుంది.

ఇక నీళ్ళ మోటారు. అర హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 500-600 వాట్లు తీసుకుంటుంది. మొదలవడానికి దానికి నాలుగైదు రెట్లు కావాలి. అది ఒక్కటి కలిపితే 1 కేవీఏ ఇన్వర్టర్ కాస్తా 2.5, 3 కేవీఏ అవుతుంది. బోరులో దించిన 1 హెచ్‌పీ మోటారైతే 5 కేవీఏ దాకా వెళ్ళాలి. రోజుకి అరగంట నడిచే మోటారు కోసం మొత్తం సామాను ఖర్చు రెండు మూడు రెట్లు చేసుకోవడం ఎందుకు? తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు, డ్రమ్ములు, బిందెలు నింపి పెట్టుకోవడం చవకైన పద్ధతి. గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ పొయ్యిలనూ ఇన్వర్టర్ లైనులోంచి తీసేయమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.

పెద్దది కొంటే పోలా?

'ఎందుకైనా మంచిది, 5 కేవీఏ తీసుకోండి' అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఏమీ నడపకపోయినా ఇన్వర్టర్ తన కోసం కొంత కరెంటు వాడుకుంటుంది. పెద్దది 40 వాట్లు వాడుకుంటుందనుకుందాం. 24 గంటలకి 960 వాట్ అవర్లు, అంటే దాదాపు ఒక యూనిట్. అంత కరెంటుతో రెండు ఫ్యాన్లు ఆరు గంటలు తిరుగుతాయి! బయట కరెంటు లేని రోజున ఆ యూనిట్ విలువ ఎంతో వేరే చెప్పాలా?

గంటల లెక్క బ్యాటరీది

ఇన్వర్టర్ ఎంత బరువు మోయగలదో చెబుతుంది. ఎన్ని గంటలు మోస్తుందన్నది బ్యాటరీ చేతిలో ఉంది. 12 వోల్టులు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు. అది ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి. దారిలో పోయే నష్టాలు తీసేస్తే చేతికొచ్చేది 750-800.

పై ఇంటికి ఒక రాత్రి ఖర్చు చూద్దాం. బల్బులు ఐదు గంటలు - 180. టీవీ రెండు గంటలు - 120. ఫోన్లు, వైఫై ఎనిమిది గంటలు - 200. ఆగి ఆగి నడిచే ఫ్రిజ్ - 500. రెండు ఫ్యాన్లు పది గంటలు - 1500. మొత్తం 2500. అంటే మూడు బ్యాటరీలున్నా చాలవు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే ఫ్యాన్ల ఖర్చు 600కి దిగి, మొత్తం 1600 అవుతుంది. రెండు బ్యాటరీలతో సరిపెట్టుకోవచ్చు. ఒక బ్యాటరీ కొనే డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టడం లాభం.

రెండు బ్యాటరీలంటే 24 వోల్టుల ఇన్వర్టర్ తీసుకోండి. అవి ఎక్కువగా 1 కేవీఏకి కాస్త పై సైజుల్లోనే దొరుకుతాయి, ఫరవాలేదు. 12 వోల్టులతో 1000 వాట్లు నడిపితే తీగలో 83 ఆంపియర్లు పారతాయి, 24తో అందులో సగమే. తీగ వేడెక్కడం తగ్గుతుంది. నాలుగు బ్యాటరీలైతే 48 వోల్టులు మేలు.

ప్యానెళ్ళు ఒక కిలోవాట్ ఉంటే మంచి ఎండ రోజున సుమారు 4 యూనిట్లు వస్తాయి. పగటి వాడకానికీ, రాత్రి వాడిన బ్యాటరీలను మళ్ళీ నింపడానికీ అది చాలు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అందులో మూడో వంతుకో, నాలుగో వంతుకో పడిపోవచ్చు. ఆ రోజుల్లో టీవీ ఆపి, ఒక ఫ్యాన్‌తో సర్దుకోవాలి. కొనబోయే ప్యానెళ్ళ వోల్టేజిని ఆ ఇన్వర్టర్ తట్టుకుంటుందో లేదో కొట్టులోనే తేల్చుకోండి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఉప్పుగాలికి ఇనుప స్టాండ్లు త్వరగా తుప్పుపడతాయి. గాల్వనైజ్డ్ స్టాండ్లు వేయించి, స్లాబులోకి బోల్టులతో గట్టిగా బిగించమనండి. తిత్లీ లాంటి గాలికి ప్యానెల్ ఎగిరిపోతే ఈ లెక్కలన్నీ వృథా.

అక్టోబరు, నవంబరు నెలలు రాకముందే ఒక సాయంత్రం మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీదే ఇల్లు నడిపి చూడండి. ఫ్రిజ్ మొదలైనప్పుడు లైట్లు బాగా మినుకుతున్నా, ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయినా, దాన్ని అమ్మినాయన్ని ఆ వారమే ఇంటికి పిలిపించండి. తుపాను హెచ్చరిక వచ్చాక పిలిస్తే ఆయన దొరకడు.