ఒక్క పిండము చాలును

సంతానము లేని దంపతులు కృత్రిమ గర్భధారణకై ఆస్పత్రి మెట్లెక్కిన నాటినుండి బంధువులును, ఇరుగుపొరుగువారును, ఒక్కొక్కప్పుడు స్వయముగా వైద్యులును వారి చెవిని వేయుచుండు మాట యొకటి కలదు: ‘వేయించుకొనెడిదేదో రెండు పిండములు వేయించుకొనుడు, కవలలు పుట్టినచో ఒక్క ఖర్చుతో సంసారము నిండును.’ ఈ మాటకు లోకములోనున్న గౌరవము సామాన్యమైనది కాదు. నగరములలో సంతాన సాఫల్య కేంద్రముల ప్రకటన ఫలకములపై ఒకే పొత్తిగుడ్డలో చుట్టిన ఇద్దరు శిశువులు నవ్వుచు దర్శనమిచ్చుటయు, చూచినవారు మురిసిపోవుటయు మనమెరిగినదే. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏండ్ల వృద్ధురాలు ఐ.వి.ఎఫ్. పద్ధతిచే కవల ఆడుబిడ్డలను కన్నపుడు, ఆ వయసున గర్భమేమని కొందరు వైద్యులు ఆక్షేపించిరి గాని, గర్భమే తప్పనిదైనపుడు ఆ దేహము ఇద్దరినేల మోయవలసివచ్చెనని అడిగినవారు అరుదు. రెండు వేయుట వివేకమనియు, కవలలు అదృష్టమనియు ప్రబలియున్న ఈ అభిప్రాయము లెక్కకు నిలువదనియు, తల్లిబిడ్డల క్షేమమునకు ప్రత్యక్షముగా విరుద్ధమనియు నా వాదము.

మొదట లెక్కయే చూతము. మంచి పిండమొకటి గర్భాశయమున నిలుచుటకు నూటికి 40 పాళ్లు అవకాశమున్నదని, కేవలము గణనము కొరకు, అనుకొందము. రెండు వేసినచో ఆ అవకాశము 80 అగునని సామాన్యుల ఊహ. అట్లు కాదు. 100 మంది స్త్రీలకు రెండేసి పిండములు వేసినచో 36 మందికి ఏదియు నిలువదు; 48 మందికి ఒకటి నిలుచును; 16 మందికి రెండును నిలుచును. గర్భవతులైనవారు 64 మంది. వారిలో నలుగురికొకరు కవలల తల్లి. ఇక అదే 100 మందికి అవే పిండములలో మొదట ఒక్కటి మాత్రము వేసి, నిలువని వారికి శీతలీకరించి దాచిన రెండవదానిని తరువాతి నెలలలో వేసినచో, తొలిసారి 40 మందియు, మిగిలిన 60 మందిలో 24 మందియు గర్భవతులగుదురు. మరల అదే 64. ఈ రెండవ మార్గమున కవలలు దాదాపు లేరు. పైగా తొలిసారియే ఫలించిన ఆ 40 మందికి రెండవ పిండము చెక్కుచెదరక మిగిలియున్నది, మూడు నాలుగేండ్లకు రెండవ బిడ్డ కావలెనన్నచో మరల సూదిమందులు, అండసేకరణ లేకయే పని జరుగును. ఒక్క కాన్పుతో ఇద్దరు కావలెనని తొందరపడువారు పోగొట్టుకొనుచున్నది ఈ నిలువధనమునే.

ఇది కాగితముమీది లెక్కయని కొట్టివేయువారికి ఉత్తర ఐరోపా ఏనాడో సమాధానము చెప్పినది. స్కాండినేవియా దేశములలో 36 ఏండ్లలోపు స్త్రీలను 661 మందిని రెండు వర్గములుగా విభజించి జరిపిన పరిశోధన 2004లో ప్రకటితమైనది. ఒకేసారి రెండు పిండములు వేయించుకొన్నవారిలో నూటికి 42.9 మంది బిడ్డలను కనగా, ఒకటి వేయించుకొని, విఫలమైనచో శీతలీకరించినదానిని మరియొకటి వేయించుకొన్నవారిలో 38.8 మంది కనిరి. వ్యత్యాసము నాలుగు. బహుశిశు ప్రసవములో? మొదటివర్గమున ప్రసవించినవారిలో నూటికి 33 మందికి పైగా. రెండవవర్గమున ఒక్కరైనను నిండలేదు. నాడు శీతలీకరణ ఇప్పటియంత సమర్థము కాదు. నేడు విట్రిఫికేషన్ అను పద్ధతిచే మంచుపలుకులు ఏర్పడకుండ పిండమును క్షణములలో ఘనీభవింపజేసి, సున్నకు 196 డిగ్రీలు దిగువనుండు ద్రవ నత్రజనిలో దాచుచున్నారు. కరిగించినపుడు నూటికి తొంబదికి పైగా సజీవముగా బయటపడుచున్నవి. స్వీడను 2003లోనే ఒక్క పిండమును సాధారణ నియమము చేసినది; అచ్చట ఐ.వి.ఎఫ్. కాన్పులలో నాలుగవవంతున్న కవలలు ఇరువదవవంతు ప్రాంతమునకు దిగివచ్చిరి. బిడ్డల కొరకు వచ్చినవారు వట్టిచేతులతో మరలిపోవుట మాత్రము పెరుగలేదు.

అసలు ఈ విద్య పుట్టినదే ఒక్క పిండముతో. 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించిన లూయీ బ్రౌను తల్లి సహజముగా విడుదల చేసిన ఒకే అండమునుండి రూపొందినది. ఆ యేడే అక్టోబరు 3న కలకత్తాలో దుర్గయను శిశువు పుట్టుటకు కారకుడైన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పిండమును శీతలీకరించి దాచి, అదను చూచి గర్భాశయమున నుంచెను. తోడివారు నమ్మక, ప్రభుత్వము నియమించిన సంఘము తోసిపుచ్చగా, ఆ మహానుభావుడు 1981లో ప్రాణము తీసుకొనెను. దాచి వేయుట యను ఉపాయమును ప్రపంచమునకంటె ముందు చూచిన దేశమున, నేడు దాచుటకు బదులు ఉన్నవన్నియు ఒక్కనాడే వేయుమనుట ఎంత విపరీతము! రెండు మూడు వేయు ఆచారము, ఒక్కొక్క పిండము నిలుచుట మిక్కిలి దుర్లభమైన తొలి దశాబ్దములలో, చేతగానితనమునకు పరిహారముగా వచ్చినది. చేతనైనది, పరిహారము మాత్రము పోలేదు. మన పురాణ ప్రియులు గాంధారి కథను చూపి కృత్రిమ గర్భము మనకు క్రొత్త కాదందురు. సంతోషమే. అయితే వ్యాసుడు నూటొక్క ఖండములను నూటొక్క నేతికుండలలో, కుండకొక్కటి చొప్పున, వేరువేరుగా ఉంచెనన్నది కూడ ఆ కథలోనిదే. ఒక్క మంత్రముతో అశ్వినులను పిలిచి ఇద్దరిని పొందిన మాద్రికి మరల మంత్రమీయుటకు కుంతి యొప్పుకొనలేదు. కనుక ఒక్క వెలకు ఇద్దరు కావలెనన్న ఆశ మనకు మాత్రమే పట్టినది కాదు.

ఇక ప్రమాదముల మాట. కవలలలో సగమునకు పైగా 37 వారములు నిండకమునుపే పుట్టుదురు. ముగ్గురైనచో దాదాపు అందరును. పక్వము కాని ఊపిరితిత్తులకు శ్వాసయంత్రము, సర్ఫాక్టెంటు; వెచ్చదనమునకు ఇన్‌క్యుబేటరు; పాలు చప్పరింపలేనివానికి ముక్కున గొట్టము. అంతటితో తీరదు. నెలలు నిండని శిశువుల కంటిరెటీనా చెడి చూపు పోవు వ్యాధికి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థవంటివి ఏండ్ల తరబడి చికిత్స చేయుచునేయున్నవి. మస్తిష్క పక్షవాతము ఒంటి శిశువులలోకంటె కవలలలో కొన్నిరెట్లు అధికము. తల్లికి రక్తపోటు, గుర్రపువాతము, మధుమేహము, కాన్పునాటి రక్తస్రావము, ఇవన్నియు హెచ్చు. ఐ.వి.ఎఫ్. తల్లులు తరచుగా ముప్పదియైదు దాటినవారగుటచే ఆ భారము మరింత దుర్భరము. కవలలందరికి ఇట్లగునని నేననను; చక్కగా పెరిగిన జంటలు ప్రతి వీధిలో కనబడుదురు. కనబడనివారు ఎందుకు కనబడరో ఆలోచింపవలెను గదా.

రెండు వేయుటను సమర్థించువారు తరచుగా ప్రత్తిచేను చూపుదురు: కుదురునకు రెండు గింజలు నాటమా, ఒకటి మొలవకున్న రెండవదుండునని? నాటుదుము. రెండును మొలచినచో ఏమి చేయుదుము? ఒత్తుమొక్కను పెరికివేయుదుము. ఆస్పత్రులలోను అంతే. మూడు నిలిచిన గర్భమున మూడవనెల చివరను, స్కానింగు యంత్రము చూపుచుండగా, ఒక పిండము గుండెలోనికి సూదితో పొటాషియం క్లోరైడు ఎక్కింతురు. మర్యాదగా దానికి ‘రిడక్షన్’ అని పేరు. ఏండ్ల తరబడి బిడ్డ కొరకు తపించిన తల్లి, తీరా గుండెచప్పుడు వినిన పిమ్మట, ఒకదానిని ఆపివేయుటకు సంతకము చేయవలెను; మిగిలినవి కూడ జారిపోవునేమోనని వణకవలెను. ఈ అవస్థ విధివశమున వచ్చినది కాదు. పిండములను గర్భాశయమున విడిచిననాడు గదిలోని మనుష్యులు కోరి తెచ్చిపెట్టినది.

ప్రతిపక్షములో బలమైన వాదము ఒక్కటే, అది ధనమునకు సంబంధించినది. ఐ.వి.ఎఫ్. చికిత్సకు మన దేశమున బీమాలు సాధారణముగా చెల్లింపవు. పొలము తాకట్టు పెట్టియో, మెడలోని గొలుసు కుదువబెట్టియో వచ్చిన దంపతులు, మరియొకసారి రాలేము, ఉన్నవన్నియు వేయుడని ప్రాధేయపడినచో వారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. తప్పు ధర కట్టినవారిది. అండసేకరణకు ఒక మొత్తము, పిండస్థాపనకు ఒక మొత్తము, శీతలీకరణకు, నిలువకు, కరిగించి వేయుటకు మరల వేరువేరు మొత్తములని పట్టిక వ్రాసినచో, ఏ దరిద్రుడు ఒక్కొక్కటిగా వేయించుకొనును? నెలలు నిండని శిశువుల వార్డు బిల్లు ఆ పట్టికలో ఉండదు. అది మరియొక అంతస్తులో, తరచుగా మరియొక ఆస్పత్రిలో, దినమునకు వేలచొప్పున వచ్చును. కవలలు చౌక యన్న భ్రమ నిలుచుచున్నది ఈ బిల్లు కంటబడకపోవుటచేతనే. బెల్జియము 2003 జూలైనుండి ఈ చిక్కును తిన్నగా విప్పినది: 43 ఏండ్లలోపు స్త్రీకి ఆరు చికిత్సాచక్రముల ప్రయోగశాల ఖర్చును ప్రభుత్వము భరించును, ప్రతిగా 36 ఏండ్లలోపువారికి మొదటిసారి ఒక్క పిండమే వేయవలెను. శిశువుల వార్డులలో మిగిలిన సొమ్ము ఆ ఖర్చునకు అక్కరకు వచ్చును.

మన చట్టమును చూచినచో మరియొక వింత. 2022 నాటి సరోగసీ నియమములు అద్దెగర్భము మోయు స్త్రీకి చక్రమునకు ఒక్క పిండమే వేయవలెననియు, ప్రత్యేక పరిస్థితులలో మాత్రమే మూడింటివరకు వేయవచ్చుననియు చెప్పుచున్నవి. ఆ ప్రత్యేక పరిస్థితులేవో చెప్పకపోయినను, మూలసూత్రము మంచిదే: పరాయివారి బిడ్డను మోయు దేహమును అనవసర ప్రమాదమునకు గురిచేయరాదు. తన బిడ్డను తానే మోయు దేహమునకు ఆ పాటి రక్షణ ఎందుకు సాధారణ నియమము కారాదు?

ఎల్లప్పుడును ఒక్కటేనా యని అడుగవచ్చును. కాదు. నలుబది దాటిన స్త్రీ సొంత అండములతో ప్రయత్నించునపుడు పిండములలో లోపభూయిష్ఠములే హెచ్చుగా నుండుటచే, రెండు వేయుటను వైద్యుడు ఆలోచింపవచ్చును. పలుమారులు విఫలమైనవారి విషయమును అట్టిదే. కాని దాత అండముతో చేసినచో తల్లి వయసు లెక్కకు రాదు. మన చట్టము ప్రకారము అండదాత 23 నుండి 35 ఏండ్లలోపు స్త్రీ. ఆమె అండమునుండి వచ్చిన పిండము యౌవనముననున్నది. దానిని మోయు గర్భాశయము వృద్ధమైనది. అట్టిచోట రెండు వేయుటకు ఏ శాస్త్రమును అనుమతి నీయదు.

దంపతుల ఇష్టము నడుమ మీరెవరందురా? ఇష్టమనునది తెలిసికొనినపిదప పుట్టవలెను. పిండస్థాపననాటి ఉదయము, మూత్రాశయము నిండియుండి బల్లపై పరుండిన స్త్రీచేత ‘ఎన్ని వేయమందురు?’ అని అడిగి సంతకము తీసికొనుట ఇష్టమును గ్రహించుట కాదు. అండసేకరణకు ముందే, భార్యాభర్తలు కూర్చుండి, ఒకటి వేసిన ఎంత, దాచినది మరల వేసిన ఎంత, కవలలైనచో నెలలు నిండక పుట్టువారెందరు అని అంకెలతో వినవలెను. కరిగించి వేయు ధర కూడ మొదటి పట్టికలోనే కలిసియుండవలెను. కేంద్రములు తమ ఫలకములపై గర్భము నిలిచినవారి శాతమును పెద్ద అక్షరములతో వేయుచున్నవి. ఆ ప్రక్కనే, అదే పరిమాణముగల అక్షరములతో, తమ చేతిమీదుగా కవలలను ముగ్గురను మోసిన తల్లులెందరో, వారి బిడ్డలలో ఎందరు ఎన్ని దినములు శిశువుల వార్డులో నుండిరో వేయుమని ప్రభుత్వము శాసింపవలెను.