రాళ్లకే బోర్డులా?

చలికాలం మొదలైందంటే శనివారం సాయంత్రాల్లో నక్కపల్లి మీదుగా వెళ్లే జాతీయ రహదారి తీరు మారిపోతుంది. తుని వైపు నుంచి వచ్చే కార్లలో చాలావాటికి విశాఖతో పనుండదు. నక్కపల్లి దాటి అడ్డరోడ్డు కూడలిలో ఎడమకు తిరిగి, కోటవురట్ల మీదుగా నర్సీపట్నం చేరి, అక్కడ టీ తాగి, తెల్లవారకుండానే లంబసింగి ఘాట్ ఎక్కేస్తాయి. చెరువులవేనం దగ్గర మబ్బుల మీద సూర్యుడు పొడిచే వేళకు ఎత్తి పట్టుకున్న ఫోన్లు కొల్లలు. అందులో తప్పేమీ లేదు. అందమైనది కనిపిస్తే దాచుకోవాలనిపించడం మనిషి స్వభావం. పూర్వం ఆ పని కళ్లు, జ్ఞాపకం చేసేవి. ఇప్పుడు జేబులోని యంత్రం చేస్తోంది.

పేచీ వచ్చేది ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ తీయరాదు అనే దగ్గరే. 'ఫొటోలు తీయరాదు' అన్న బోర్డు మన దేశంలో కనిపించినన్ని చోట్ల 'ఎందుకు తీయరాదు' అన్న వివరం కనిపించదు. కాపలా మనిషిని అడిగితే పై వాళ్లు చెప్పారంటాడు. ఆ పై వాళ్లను అడిగితే ఏదో పాత ఉత్తర్వు చూపిస్తారు. ఇంకా తమాషా ఏమిటంటే, మెడలో పెద్ద కెమెరా వేలాడుతుంటే ఈల వేసి ఆపే మనిషి, అంతకంటే స్పష్టంగా తీసే ఫోను చేతిలో ఉన్నవాణ్ని చూసీ చూడనట్టు వదిలేస్తాడు. నిషేధం బొమ్మకా, కెమెరా సైజుకా అన్నది అతనికీ తెలియదు.

ఈ అయోమయం పురావస్తు శాఖలో చాలాకాలం సాగింది. 2018 జులై 12న ఢిల్లీలో భారత పురావస్తు సర్వే సంస్థ కొత్త ప్రధాన కార్యాలయం ధరోహర్ భవన్‌ను ప్రారంభిస్తూ ప్రధాని మోదీ ఈ నిషేధాన్నే ప్రశ్నించారు. ఉపగ్రహాలు అంతరిక్షం నుంచి అన్నీ చూస్తున్న కాలంలో కట్టడాల దగ్గర ఫొటోలు వద్దనడంలో అర్థమేమిటన్నది ఆ మాటల సారం. ఏళ్ల తరబడి కదలని ఫైలు గంటల్లో కదిలింది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలన్నింటి ఆవరణల్లో ఫొటోలు తీసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. అజంతా గుహలు, లేహ్ రాజప్రాసాదం, తాజ్‌మహల్‌లో సమాధులున్న ప్రధాన మందిరం, ఈ మూడింటికే మినహాయింపు. అంతకుముందు రోజు వరకు దేశమంతటా అంత అవసరమనుకున్న నిషేధం మర్నాటికి మూడు చోట్లకు కుదించుకుపోయిందంటే, మిగతా చోట్ల ఆ బోర్డులు ఇన్నాళ్లూ దేన్ని కాపాడినట్టు?

మన జిల్లాలోనే ఉన్న బొజ్జన్నకొండ కథ చూస్తే ఆ సందేహం మరీ బలపడుతుంది. అనకాపల్లి దగ్గర శంకరంలో ఉన్న ఈ బౌద్ధ క్షేత్రంలో రాతిలో తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, పక్కనే లింగాలకొండ మీద వరసలు వరసలుగా చెక్కిన మొక్కుబడి స్తూపాలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. అలాంటి చోట కనుమ నాడు జనం కొండెక్కి, అక్కడి బొమ్మను రాక్షసుడిదనుకుని రాళ్లు రువ్వే ఆచారం మొన్నమొన్నటి దాకా ఉండేది. పురావస్తు శాఖ, వారసత్వ సంపద మీద ప్రేమ ఉన్న కార్యకర్తలు పట్టుపట్టి, నచ్చజెప్పి దాన్ని మాన్పించారు. ఆ బుద్ధుడికి దెబ్బ తగిలింది రాళ్ల వల్లే కాని కెమెరాల వల్ల కాదు. నిజానికి అక్కడ ఫొటో తీసి తనవాళ్లకు చూపించిన ప్రతి మనిషీ అది రాక్షసుడి బొమ్మ కాదని చెప్పడానికి ఎంతో కొంత తోడ్పడినవాడే.

అలాగని మినహాయింపులన్నీ వట్టివి కావు. అజంతా సంగతే తీసుకుందాం. ఆ గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాన్ని నడిపించిన గులాం యజ్దానీ అజంతా చిత్రాల మీద దశాబ్దాలు పనిచేసి, 1930 నుంచి 1955 దాకా ఫొటోల ఆధారంగా నాలుగు భాగాల గ్రంథం తెచ్చారు. ఆ చిత్రాలు పెచ్చులూడిపోకుండా చూడటానికి 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి సెక్కోనీ అనే నిపుణుణ్ని రప్పించింది. అంటే అజంతాను ప్రపంచానికి చూపించిందీ కెమెరాయే, ఇవాళ గుమ్మం బయట ఆగమంటున్నదీ కెమెరానే. దీనిలో వైరుధ్యం లేదు. యజ్దానీ కాలంలో ఫొటో తీయడం ఒక జాగ్రత్త గల పని. ఇప్పుడు రోజూ వచ్చే వేలమంది తలా నాలుగు ఫ్లాష్‌లు వెలిగిస్తే ఆ వర్ణాల మీద పడే వెలుగు లెక్క వేరు. ఒక్కొక్క ఫ్లాష్ పెద్దగా చేటు చేయదని వాదించేవాళ్లున్నారు. కాని ఇరుకు గుహలో, మసక వెలుతురులో, ప్రతివాడూ ఆగి తీసుకుంటూ ఉంటే ఊపిరి తేమ, వేడి, తోపులాట అన్నీ కలిసి ఆ గోడలకే తగులుతాయి. కారణం చెబితే ఎవరైనా ఒప్పుకునే నిషేధం ఇది.

గుడిలోనూ అంతే. నక్కపల్లి పక్కనే గరుడాద్రి మీద కొలువైన ఉపమాక వేంకటేశ్వరుడి దర్శనానికి వెళ్లి గర్భాలయం ముందు ఫోను ఎత్తాలని ఎవరికీ అనిపించదు. తిరుమలలో ఫోను లోపలికి రానివ్వరని తెలిసే జనం గంటల తరబడి వరసలో నిలబడతారు, ఎవరూ సణగరు. అక్కడ కళ్లు మూసుకుని చూడవలసినది ఉందని పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి. 2023 మే నెలలో ఒకరు ఆనంద నిలయాన్ని ఫోనులో తీసిన వీడియో బయటికొస్తే జనమే మండిపడ్డారు. గుడి ముందు రీళ్లు తీసేవాళ్లను దేవస్థానం 2025లో గట్టిగా హెచ్చరించవలసి వచ్చిన మాట నిజమే. ఆ కొద్దిమంది సంగతి వేరు.

భద్రత పేరు మీద పెట్టిన ఆంక్షల్లో మాత్రం కొంత పొల్లు ఉంది. మన తీరంలోనే రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం వస్తోంది. విశాఖలో తూర్పు నౌకాదళం సరేసరి. ఆ పరిసరాల్లో కెమెరా వద్దంటే ఎవరూ కాదనరు. కాని 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడ వంతెనల మీద, ఆనకట్టల మీద, రైల్వే స్టేషన్ల మీద ఇంకా పరుచుకునే ఉంది. ఆ చట్టం వచ్చినప్పుడు శత్రువు గూఢచారి పెన్సిలుతో పటం గీసుకునేవాడు. ఇప్పుడు ఏ ఆనకట్టనైనా ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రంలో పైనుంచి చూడవచ్చు. పిల్లల చేయి పట్టుకుని గేట్లలోంచి దూకే నీళ్లను ఫొటో తీసుకునే కుటుంబాన్ని ఈల వేసి తరమడం వల్ల దేశానికి ఒరిగేదేమీ ఉండదు.

ఇన్ని బోర్డుల మధ్య, ఉండవలసిన చోట ఏ బోర్డూ లేని విషయం ఒకటుంది. అది మనుషుల సంగతి.

లంబసింగి దారిలో పొద్దున్నే నెగడు దగ్గర చలి కాచుకుంటున్న ముసలమ్మ ముఖంలోకి ఒకేసారి ముగ్గురు ఫోన్లు పెడతారు. స్ట్రాబెర్రీ బుట్టలతో రోడ్డు పక్కన కూర్చున్న ఆడవాళ్లను కొనేవాళ్లకంటే తీసేవాళ్లే ఎక్కువ. సంతకు నడిచి వచ్చే కోందు, కొండదొర, బగత ఆడవాళ్ల ముక్కు నత్తులు, పచ్చబొట్లు, చంకలో బిడ్డ, అన్నీ ఎవరో తెలియనివాళ్ల ఫోనుల్లోకి వెళ్లిపోతాయి. ఆ బొమ్మ ఏ ఊరిలో, ఏ తెర మీద, ఏ వ్యాఖ్య కింద తేలిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. పూర్వం ఊళ్లోకి వచ్చే స్టూడియో ఫొటోగ్రాఫరు కూర్చోబెట్టి, నవ్వమని, డబ్బు తీసుకునైనా ఒక కాపీ చేతిలో పెట్టేవాడు. ఇప్పటివాడు అదీ ఇవ్వడు. అరకులో అయితే వచ్చినవాళ్లే గిరిజన చీర అద్దెకు కట్టుకుని ఫొటో దిగడం ఒక వ్యాపారమైంది. అందులో ఇరువైపులా ఒప్పుదల, కాసిన్ని డబ్బులు ఉన్నాయి కనుక దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. అడగకుండా తీసేదే తప్పు.

జలపాతాల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. జి.మాడుగుల మండలంలోని కొత్తపల్లి జలపాతం కింద స్నానాలు చేసే ఆడవాళ్లు తమ చుట్టూ ఉన్న ఫోన్లలో ఏది ప్రకృతిని తీస్తోందో, ఏది తమను తీస్తోందో చూసుకుంటూ భయంభయంగా తడవాలి. ఇందులో చట్టం మౌనంగా లేదు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం, స్త్రీ ఏకాంతం ఆశించగలిగిన స్థితిలో ఉన్నప్పుడు తొంగిచూసినా, బొమ్మ తీసినా, తీసింది పంచిపెట్టినా నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. జలపాతం వంటి బహిరంగ స్థలం ఆ నిర్వచనంలోకి ఎంతవరకు వస్తుందన్నది వాదనకు తావున్న సంగతి. కాని ఆ వాదన కోర్టుకు వెళ్లేలోపే అక్కడ ఒక బోర్డు, బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడలు ఉంటే సగం బాధ తీరుతుంది. టికెట్టు వసూలు చేసే చోట ఆ మాత్రం చేయలేమా?

గిరిజనుల ఫొటోల మీద నిషేధాలు దేశంలో లేకపోలేదు. అండమాన్‌లో జారవాలను పర్యాటకుల ముందు ఆడిస్తున్న వీడియో 2012లో బయటపడి ప్రపంచమంతా చీదరించుకుంది. అదే ఏడాది 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనను సవరించి, జారవాల బొమ్మలు తీయడాన్ని శిక్షార్హం చేశారు. మన పొరుగునే ఒడిశా ప్రభుత్వం కూడా ఆ కలకలం తర్వాతే బొండా, డొంగ్రియా కోందుల ఫొటోలు తీయడం మీద ఆంక్షలు పెట్టింది. జారవాలకు అలాంటి కంచె అవసరమే. వాళ్లకు బయటి జబ్బులు కూడా ప్రాణాంతకం. చింతపల్లి, పాడేరు కొండల మీద ఉన్నవాళ్ల సంగతి అది కాదు. వాళ్ల పిల్లలు కాలేజీలో చదువుతున్నారు, తమ పండగలను తామే ఫోనులో తీసి లోకానికి చూపిస్తున్నారు. వాళ్ల చుట్టూ 'ఫొటోలు తీయరాదు' అని బోర్డులు కడితే అదో అవమానం. మనుషుల్ని మళ్లీ ప్రదర్శన శాలలోని వస్తువుల వరసలోకి చేర్చినట్టే.

మరి ఎవరు నిర్ణయించాలి? ఇక్కడ జపాన్ వాళ్ల అనుభవం కొంత పనికొస్తుంది. క్యోటో నగరంలోని గియోన్‌లో గీషాల వెంటపడి ఫొటోలు తీసేవాళ్ల బెడద పడలేక అక్కడివాళ్లే 2019లో సొంత సందుల్లో ఫొటోలు నిషేధించి, పదివేల యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు. వెనకాల ఫుజి పర్వతం కనిపించే ఒక చిన్న దుకాణం ముందు జనం రోడ్డుకు అడ్డంగా నిలబడుతుంటే ఫుజికావాగుచికో పట్టణం 2024 మేలో నల్లటి తెర కట్టేసింది. కొన్నాళ్లకే దాన్ని దించేసింది. తెర సంగతి నవ్వు తెప్పించినా, ఆ రెండు చోట్లా నిర్ణయం తీసుకున్నది దూరాన ఉన్న శాఖ కాదు, ఆ వీధిలో రోజూ నడిచేవాళ్లు.

అలాంటి అధికారం మన కొండల్లో ఇప్పటికే రాసి ఉంది. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే శక్తి ఇచ్చింది. రాష్ట్రంలో దానికి 2011లో నియమాలూ వచ్చాయి. లంబసింగి, తాజంగి పరిసరాల గ్రామసభలు కూర్చుని, సంతలో మనుషుల ఫొటోలు అడగకుండా తీయకూడదని, జలపాతం కింద స్నానాల చోట కెమెరాలు వద్దని, పండగ నాటి దింసా నృత్యం మాత్రం తీసుకోవచ్చని తీర్మానిస్తే, ఆ మాటకు జిల్లా యంత్రాంగం, పర్యాటక శాఖ తోడు నిలవాలి. బోర్డు మీద కారణం కూడా రాయాలి. తెలుగులోనూ, వీలైతే అక్కడివాళ్ల భాషలోనూ. కారణం రాసిన బోర్డుకు జనం మన్నన ఇస్తారని తిరుమల, అజంతా రెండూ చెబుతున్నాయి.

అడ్డరోడ్డు దగ్గర ఎడమకు తిరిగే ప్రయాణికులకు ఒక మనవి. ఈ చలికాలం కొండలను, మబ్బులను, వలిసె పూల చేలను కడుపారా తీసుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు. మనిషి ముందు ఫోను ఎత్తేముందు మాత్రం 'అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?' అని అడగండి. వద్దంటే నవ్వి ఫోను దించండి. సరేనంటే తీసినది ఆమెకు చూపించండి. ఆమె దగ్గర రెండు పండ్లు కొని మరీ కారెక్కండి.