సముద్రంపై సాధనే అర్హత

విహార నౌక కెప్టెన్ పదవి కేవలం హోదా కాదు. నౌకలోని ప్రతి ప్రాణానికీ అది పూచీ. బ్రిటన్‌కు చెందిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ నిర్వహించే 'యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్' పరీక్షకు హాజరు కావాలంటే అభ్యర్థి కనీసం 50 రోజులు సముద్రంపై గడిపి, 2,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి ఉండాలి. రేడియో, ప్రథమ చికిత్స పత్రాలు తప్పనిసరి. పరీక్ష సైతం నీటిపైనే జరుగుతుంది. వేతనంపై నౌక నడపదలచినవారికి వైద్య ధ్రువీకరణ, ప్రాణరక్షణ శిక్షణ అదనం.

ఈ నైపుణ్యం మనకు అందనిదేమీ కాదు. గోవాలో నిర్మించిన 'తారిణి'పై 2017-18లో భూగోళాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళాధికారులలో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. ఏళ్ల తరబడి సాగిన సాధనే వారిని గమ్యం చేర్చింది.

అయితే నౌకాదళంలో చేరని యువతకు ఇటువంటి సాధన ఖరీదైన వ్యవహారం. పాఠాలకంటే సముద్రంపై గడిపే రోజులకే వ్యయం అధికం. ఆ స్తోమత లేనివారే దగ్గరిదారి చూపుతామనే దళారుల మాటలకు లొంగే ప్రమాదం ఉంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ, తీర నగరాల సెయిలింగ్ క్లబ్బులు చేతులు కలిపి తక్కువ ఖర్చుతో సముద్రయాన అవకాశం కల్పించాలి. కేంద్ర నౌకాయాన శాఖ ఇందుకు చొరవ చూపడం అవసరం. పత్రం చేతికివ్వడం తేలిక. తుపానులో నౌకను ఒడ్డుకు చేర్చగలవారిని తయారుచేయడమే ప్రభుత్వం తలకెత్తుకోవలసిన బాధ్యత.