పని మొదలైందా? అయితే నంబరు చేతిలో పెట్టండి!

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల ప్రజలారా! కరీంనగర్ ఐటీ టవర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని సర్కారు పోర్టళ్లకు కోడ్ రాస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మొన్న ఉట్నూరు వైపు రైతు ఒకాయన ఓ ఆన్‌లైన్ కేంద్రంలో ఫీజు కట్టాడు. తెర మీద చక్రం తిరిగి తిరిగి, చివరికి 'మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. మళ్ళీ నొక్కించాడు. ఖాతాలో రెండుసార్లు పైసలు కట్ అయ్యాయి, దరఖాస్తు మాత్రం ఒక్కటీ కనబడలేదు. 'సర్వర్ డౌన్, రేపు రా పటేలా' అన్నారు. ఇలాంటిది జరగని ఇల్లు ఏ ఊళ్లో ఉందో మీరే చెప్పండి. అందుకే ఆ బాధను ఇక్కడ వర్ణించం. తప్పు ఎక్కడుందో చెబుతాం.

చాలాసార్లు సర్వర్ డౌన్ కాదు. అది పని చేస్తూనే ఉంటుంది. ఫీజు బ్యాంకు నుంచి రావాలి, ఆధార్ సరిచూడాలి, పాస్‌బుక్ వివరాలు భూమి రికార్డుతో కలవాలి, ఆపైన ఒక అధికారి ఆమోదించాలి. ఇందులో కొన్ని నిమిషాలు పట్టేవి, కొన్ని రోజులు పట్టేవి. అయినా ఏపీఐ, అంటే యాప్‌కూ సర్వర్‌కూ మధ్య మాట నడిపే కోడ్, రాసినవాళ్లు జవాబు వచ్చేదాకా ఫోన్‌ను లైన్‌లోనే నిలబెడతారు. మధ్యలో ఉన్న గేట్‌వే అంతసేపు ఆగదు. అది ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే 60 సెకన్లు చూసి లైన్ తెంచేస్తుంది. అమెజాన్ ఏపీఐ గేట్‌వే అయితే మామూలుగా 29 సెకన్లకే తెంచేస్తుంది. లైన్ తెగినా వెనుక పని ఆగదు. సర్వర్ లెక్కలో ఫీజు జమ అయింది, రైతు ఫోన్‌లో 'విఫలం'. ఆయన మళ్ళీ నొక్కుతాడు. అది పాత పనేనని పోల్చుకునే ఏర్పాటు లేక సర్వర్ ఇంకో పని ఎత్తుకుంటుంది. రెండోసారి పైసలు కట్.

ఒకప్పుడు మనవాళ్లు భీవండి మగ్గాల దగ్గరి నుంచి మనియార్డర్ చేస్తే రసీదు కౌంటర్లోనే చేతికొచ్చేది. ఇక్కడ ఇంటామె వేలిముద్ర వేసిన కాగితం తిరిగి అక్కడికి చేరేది. డబ్బు ఊరికి అందేదాకా పంపినవాణ్ణి ఎవరూ కౌంటర్ ముందు నిలబెట్టలేదు. అంత పాత కాలానికి తెలిసింది నేటి పోర్టల్‌కు తెలియదా?

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే 202 కోడ్ ఉంది: అభ్యర్థన తీసుకున్నాం, పని ఇంకా పూర్తి కాలేదు. ఆ 202తో పాటు ఒక పని నంబరు ఇవ్వండి. ఆ నంబరు మీద ఎప్పుడైనా చూసుకునే చిరునామా ఇవ్వండి. మళ్ళీ ఎంతసేపటికి అడగాలో రిట్రై-ఆఫ్టర్ అనే హెడర్‌లో చెప్పండి, లేకుంటే ప్రతి సెకనూ అడిగే యాప్‌లే సర్వర్‌ను కూలుస్తాయి. పని ముగిశాక ఎస్ఎంఎస్ పంపండి. ఒక దరఖాస్తుకు యాప్ ఒకే గుర్తు పంపాలి. అదే గుర్తుతో పదిసార్లు వచ్చినా సర్వర్ ఒక్క పనే చేసి పాత నంబరే తిరిగివ్వాలి. దీనికి ఐడెంపొటెన్సీ కీ అని పేరు కూడా ఉంది. మధ్యలో వద్దనుకుంటే రద్దు చేసుకునే దారి ఉండాలి. పని చెడితే కారణం తెలుగులో రావాలి.

ఇవన్నీ చేయనిది తెలియక కాదు. నిర్లక్ష్యం. 2011లో మొదలైన మీసేవ, అప్పటికప్పుడు ఇచ్చే సేవలను ఎ కేటగిరీ అనీ రోజులు పట్టేవాటిని బి కేటగిరీ అనీ విడదీసింది. కౌంటర్లో పాటించిన తేడాను కోడ్‌లో చెరిపేస్తారా? బ్యాంకుల మెడలు రిజర్వ్ బ్యాంకు వంచింది. 2019 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్ ప్రకారం యూపీఐలో దుకాణానికి కట్టిన పైసలు ఖాతాలో కట్ అయి అటు నిర్ధారణ కాకపోతే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. అంత గట్టి గడువు ప్రతి సర్కారు పోర్టల్‌కూ ఎందుకు లేదు? భూమి రికార్డు 2020లో ధరణి పోర్టల్‌కు, 2025లో భూభారతికి ఎక్కింది. పత్తి అమ్మకం కూడా 2025 సీజన్‌లో, పత్తి కొనే సీసీఐ వారి కపాస్ కిసాన్ యాప్ స్లాట్ మీదికి వచ్చింది. తన నమోదు ఏ దశలో ఉందో తెలియని రైతు ట్రాలీ కిరాయికి మాట్లాడాలా, వద్దా? ఆ కిరాయి పోర్టల్ రాసినవాడు కడతాడా?

'అడవి ఊళ్లలో సిగ్నల్ ఉండదు' అంటారు. అందుకే నంబరు కావాలి. జైనూరులో లైన్ తెగినా రైతు ఆసిఫాబాద్ చేరాక అదే నంబరుతో తన పని చూసుకుంటాడు. ఖర్చంటారా, డేటాబేస్‌లో ఒక పట్టిక, వెనుక పనుల వరుస (క్యూ) ఒకటి, అంతే. 'రైతులకు అర్థం కాదు' అనేవాళ్లకు జవాబివ్వం.

టెండర్లు పిలిచే అధికారులారా, పని నంబరూ దాని స్థితీ చూపని ఏపీఐకి బిల్లు ఆపండి. కోడ్ రాసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, లైన్ పట్టుకుని నిలబెట్టే కోడ్ రాయబోమని గట్టిగా చెప్పండి. ప్రజలారా, చక్రం తిరుగుతుంటే రెండోసారి నొక్కకండి. ముందు బ్యాంకు మెసేజ్ చూసి అందులోని యూటీఆర్ (లావాదేవీ) నంబరు రాసుకోండి. రెండుసార్లు పైసలు పోయినవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చే సోమవారం మీ కలెక్టరేట్ ప్రజావాణికి రండి. అర్జీ ఇచ్చి, దాని నంబరు చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గరి నుంచి కదలకండి.